వంక గట్టున ఉసిరి చెట్టు

కడపవాళ్లకి బుగ్గవంక గురించి చెప్పక్కర్లేదు. తెలియని సోదరీమణుల కోసం చెబుతున్నాను. మా ఊరికి మూడువైపులా కొండలే, నల్లమల, పాలకొండలు. ఆ కొండల నీళ్లు మోసుకొచ్చే ఈ వంక ఊరి మధ్యలోంచి పారి పెన్నలో కలుస్తుంది. బుగ్గ అంటే ఊట. పేరు వింటే ఏడాది పొడుగునా తేటనీళ్లు పారుతుంటాయేమో అనిపిస్తుంది కదూ? ఎండాకాలంలో ఒకసారి వచ్చి చూడండి. ఇళ్లలోంచి వచ్చే మురుగు, జమ్ము, ప్లాస్టిక్ కవర్లు, గట్టు పొడుగునా కంపచెట్లు! కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంతెన దాటేస్తాం.

అలాంటి వంక గట్టుని బాగుచేసి, నడిచే దారులు వేసి, పార్కులు పెడతారన్న మాట కొన్నేళ్లుగా వింటున్నాం. మొదటిసారి పేపర్లో చూసినప్పుడు నేనైతే సంబరపడిపోయాను. ఎందుకంటారా? నలభై దాటాక డాక్టరు దగ్గరికి వెళితే మందుల చీటీతో పాటు "రోజూ గంట నడవండమ్మా" అని ఒక మాట ఉచితంగా ఇస్తారు. ఎక్కడ నడవాలో మాత్రం చెప్పరు. వీధిలో మోటారు సైకిళ్లు, కుక్కలు. మగవాళ్లకి టీ బంకు ఉంది, స్నేహితులున్నారు. మనకి ఉన్నదల్లా మేడమీద బట్టలారేసే తీగల కింద ఇరవై చుట్లు. ఊరిచివర ఎక్కడో పార్కు ఉంటే ఆటోకి డబ్బులిచ్చి వెళ్లి నడవాలి. వంక అలా కాదు, నాలుగు వీధుల పక్కనుంచే పోతోంది.

మా అత్త మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టేసింది. "గట్టు మీద కూర్చోబెడతారు సరే, వంక పోయే తోవ ఎంత మిగులుస్తారంట?" అనడిగింది. ఆమె అడిగిందంటే కారణం లేకపోలేదు. 2001లో వంక పొంగినప్పుడు పడిన అవస్థ ఆమెకి ఇంకా కళ్లముందే ఉంది. ఆ తర్వాత రక్షణ గోడలు కట్టారు. ఇక భయం లేదనుకుంటున్న రోజుల్లో, 2020 నవంబరు చివర్లో నివర్ తుఫాను వచ్చింది. పైన బుగ్గవంక రిజర్వాయరు నిండి నీళ్లు వదిలారు. పల్లపు వీధుల్లోకి వరద వచ్చేసింది. మా ఆడపడుచు ఇంట్లో ఫ్రిజ్జు వెల్లకిలా పడి ఉంది. ఆవకాయ జాడీ వంటింట్లోంచి తేలుతూ వచ్చి పూజగదిలో చేరింది. వారంరోజులు అందరం బురద ఎత్తాం. (పనికొచ్చే మాట కాబట్టి చెబుతున్నాను. వరద బురదని ఆరనివ్వకూడదు. తడిగా ఉన్నప్పుడే పారతో లాగి, నీళ్లు కొట్టి, ఆపైన బ్లీచింగ్ పౌడరుతో కడగాలి. తడిసిన బియ్యం, పప్పులు ఎండబెట్టి వాడుకుందామని ఆశపడకండి.)

ఇక్కడే నాకొక సంగతి తట్టింది. వంక గట్టున పార్కు వస్తే మా వీధి ఆడవాళ్లం మొదట చేయాలనుకున్నది కార్తీక వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద చాపలు పరిచి, చిత్రాన్నం, ఓళిగలు, అలసంద వడలు అని అప్పుడే ఎవరి వంతు ఏమిటో పంచుకున్నాం కూడా. కానీ రాయలసీమలో ఏడాదంతా కలిపినా వాన 700 మిల్లీమీటర్లే. అందులోనూ వంకలు పొంగించే తుఫాన్లు వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అంటే మన పండుగ నెలా, వంకకి కోపం వచ్చే నెలా ఒకటే! నివర్ వచ్చింది కార్తీకంలోనే. మరుసటేడు చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము తెగి ఊళ్లు కొట్టుకుపోయింది కూడా కార్తీకంలోనే.

కర్నూల్లో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు హంద్రీ గట్టున నిలబడినా ఇదే ఆలోచన. అక్కడ కె.సి. కాలువ వంతెన మీదుగా హంద్రీని దాటిపోతుంది. తెల్లదొరల కంపెనీ నూట అరవై ఏళ్ల కిందట తవ్వించిన కాలువ అది, పడవలు కూడా నడపాలని తవ్వారట. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ఎండాకాలంలో కింద హంద్రీని చూస్తే పిల్లకాలువ అనుకుంటాం. 2009 అక్టోబరు 2న అదే హంద్రీ, తుంగభద్ర కలిసి కర్నూలు పాతబస్తీని ముంచేశాయి.

మరి నీటి పక్కన పార్కే వద్దా? మా అబ్బాయి ఫోన్లో ఒక వీడియో చూపించాడు. కొరియా దేశంలో సియోల్ నగరం మధ్యలో ఒక వాగు ఉంది. దానిపేరు చోంగ్గేచోన్, నాకు నోరు తిరగలేదు. దానిమీద సిమెంటు కప్పేసి, ఆపైన రోడ్డు వేశారు. తర్వాత ఆ రోడ్డంతా తీసేసి, 2005లో దాదాపు ఆరు కిలోమీటర్ల పొడవున మళ్లీ వాగుని వెలుగులోకి తెచ్చి పక్కనే నడిచే దారి వేశారు. మా అబ్బాయికి దీపాలు, ఫౌంటెన్లు నచ్చాయి. నాకు నచ్చింది వేరే. గట్టి వాన మొదలైందంటే జనాన్ని పైకి పంపించేసి, కిందికి దిగే దారులు మూసేస్తారట. వాన వెలిసి నీళ్లు తగ్గాక మళ్లీ తెరుస్తారు. డబ్బుల్లో వాళ్లతో మనం తూగలేం గానీ, దారికి గేటు పెట్టి సమయానికి మూయడానికి కోట్లు అక్కర్లేదు కదా.

కాబట్టి మా పార్కు ఇలా ఉండాలని నేనూ, మా వీధివాళ్లూ అనుకున్నాం. ముందు మురుగు వంకలో కలవకుండా చూడాలి. అది కాకుండా ఎన్ని పూలమొక్కలు పెట్టినా వాసనకి ఎవరూ కూర్చోరు. నీటి పక్క పల్లంలో గడ్డి, వట్టివేరు చాలు. వట్టివేరుని కుండనీళ్లలో వేసుకోవడమే మనకు తెలుసు గానీ, దాని వేళ్లు లోతుకి దిగి గట్టు కోసుకుపోకుండా పట్టుకుంటాయి. బెంచీలు, దీపాలు, కొళాయి, ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్డి ఎత్తున ఉండాలి. మన ఎండకి తట్టుకునే కానుగ, వేప, నేరేడు నాటాలి. ఉసిరి చెట్టు అన్నిటికంటే పైన. సిమెంటు జింకలు, కుందేళ్లు మాకొద్దు.

ఇదంతా మాట్లాడుకుంటుంటే రోజూ మాకు మల్లెపూలు పోసే ఆమె గంప దించి వింటోంది. ఆమె ఇల్లు వంక గట్టునే, రెండు గదులు, పైన రేకులు. "పార్కు వస్తే మేం యాడికి పోవల్లక్కా?" అంది. ఎవరికీ నోట మాట రాలేదు. వరదొస్తే మొదట మునిగేది ఆమె ఇల్లే, అక్కడ ఉండమనడానికీ నోరు రాదు. ఊరికి దూరంగా ఎక్కడో స్థలం ఇస్తే తెల్లారేసరికి పూలమార్కెట్టుకి ఎట్లా రావాలి? "పోయినసారి వానకి మూడు దినాలు బడిలో పండుకున్నాం. పొమ్మంటే పోతాం గానీ, ఊర్లోనే ఇయ్యమని చెప్పండక్కా" అంది.

అర్జీలో మొదటి అంశంగా అదే రాశాం. వంక గట్టు ఇళ్లవాళ్లకి ఊళ్లోనే, మెరక మీద, ఇళ్లు ఇచ్చిన తర్వాతే పార్కు పని మొదలుపెట్టాలని. మాలో ఇద్దరికి అది నచ్చలేదు, "పార్కు ఎప్పటికీ రాదు పో" అన్నారు. రాకపోవచ్చు కూడా. పదిహేడుమందిమి సంతకాలు చేశాం. పూలామె కూడా అరచేయి కొంగుకి తుడుచుకుని తన పేరు రాసింది. సోమవారం వెళ్లి ఇచ్చి వచ్చాం. రసీదు నా బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.