ఇన్వర్స్ అంటే ఉల్టా కాదు

ఫస్టియర్ మ్యాథ్స్ క్లాసులో సార్ "2కి ఇన్వర్స్ ఎంత?" అని అడగ్గానే "మైనస్ 2" అనేశాను. వెనక బెంచీలోంచి ఇంకొకడు "వన్ బై టూ" అన్నాడు. సార్ నవ్వి "ఇద్దరూ కరెక్టే. ఏ ఆపరేషన్‌కో నేను చెప్పలేదుగా" అన్నారు. కూడికకైతే మైనస్ 2, కలిపితే 0 వస్తుంది. గుణకారానికైతే 1/2, గుణిస్తే 1 వస్తుంది.

తెలుగు మీడియంలో దీన్నే విలోమం అని చదివాను. ఇంట్లో వాడే ఉల్టా, రివర్స్, విలోమం అన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. కానీ లెక్కల్లో విలోమం అంటే చేసిన పనిని పూర్తిగా రద్దు చేసి, బయల్దేరిన చోటే దింపేది.

ఈ తేడా నిజంగా తెలిసింది మాత్రం సంక్రాంతి సెలవుల్లో, ఎటపాకలో అమ్మమ్మ దగ్గర. భద్రాచలం పక్క ఊరే. అమ్మమ్మ పుట్టిందీ మెట్టిందీ అక్కడే. తన చిన్నప్పుడు అది తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆ ఊరు మళ్లీ తూర్పు గోదావరికి పోయింది.

"అయితే అమ్మమ్మా, 1959కి 2014 ఇన్వర్స్ అన్నమాట! ఎక్కడినుంచి పోయారో అక్కడికే వచ్చేశారు" అన్నాను గొప్పగా.

అమ్మమ్మ బియ్యం చెరుగుతూనే "ఏడకొచ్చాంరా? పోయేటప్పుడు భద్రాచలం, మేము కలిసే పోయాం. వచ్చేటప్పుడు మేమే వచ్చాం" అంది.

నిజమే. పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. 1959లో మారింది జిల్లా ఒక్కటే, రెండు జిల్లాలూ ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఇప్పుడు ఊరికీ పట్నానికీ మధ్య రాష్ట్రాల సరిహద్దు. బజారుకైనా, రాములవారి గుడికైనా రాష్ట్రం దాటాలి. ఎఫ్ చేసి, ఆ తర్వాత ఎఫ్ ఇన్వర్స్ చేస్తే ఐడెంటిటీ రావాలి. ఇక్కడ రాలేదు. వెనక్కి నడిచారు గానీ, రద్దు కాలేదు.

కొన్నిటికి అసలు ఇన్వర్సే ఉండదు. ఏ సంఖ్యనైనా 0తో గుణిస్తే 0. ఆ 0ని చూసి ముందు ఏముండేదో చెప్పలేం. ముంపు ఊళ్లలో ఉన్న తన చుట్టాల గురించి అమ్మమ్మ మాట్లాడుతుంటే నాకు ఆ సున్నానే గుర్తొచ్చింది. పరిహారం లెక్క కాగితం మీద తేలుతుంది. ఎవరి వాకిలి ఎవరి వాకిలికి ఎదురుగా ఉండేదో ఏ కాగితం చూసి చెప్తాం?

"దీన్ని మీ చదువులో ఏమంటార్రా?" అని అడిగింది.

"నాన్ ఇన్వర్టిబుల్."

"ఆ పేరేదో మీరే ఉంచుకోండి. ముందు లేచి ఆ బిందె లోపల పెట్టు" అంది.