చవుడు మిద్దె మీద ఒక పూట

బనగానపల్లె నుంచి బేతంచెర్ల వైపు వెళ్లే దారిలో, నాపరాళ్ల గోడల మధ్య ఇరుగ్గా సాగే ఊరది. మేం వెళ్లేసరికి 70 ఏళ్లు దాటిన ఓ రైతు తన మిద్దె మీద పారతో పాత మట్టి గీకుతున్నాడు. మనవడు నిచ్చెన మీద నిలబడి చవుడు గంపలు అందిస్తున్నాడు. మే నెల, ఆకాశంలో మబ్బు తునక లేదు.

‘‘వానొచ్చినాక ఎక్కితే ఏం లాభం సామీ? ముందే ఎక్కల్ల,’’ అన్నాడాయన చేతిపని ఆపకుండానే.

కింద గదిలోకి వెళ్లి తలెత్తితే మిద్దె కట్టుబడి అంతా కనిపిస్తుంది. గోడ నుంచి గోడకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద సందు లేకుండా పేర్చిన నాపబండలు. బండలు దొరకని ఊళ్లలో కట్టెపుల్లలు పేర్చి, ఆకు పరుస్తారు. ఆపైన మట్టి, అన్నిటికీ మీద చవుడు. గది నడుమ, పైకప్పులో వెలుతురు కోసం వదిలిన కంత, గవాచి. దాని అంచును చుట్టూ ఎత్తుగా కట్టారు, మిద్దె మీది నీళ్లు లోపలికి దిగకుండా.

చవుడంటే రైతుకు కోపం. ఆ నేలలో పైరు ఎదగదు. అందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే సన్నటి బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, ఇక నీరు కిందికి ఇంకదు. పొలంలో ఈ గుణం పోగొట్టడానికి జిప్సం చల్లుతారు. ఇంటి మీద మాత్రం ఆ గుణమే కావాలి. పంటకు పనికిరాని మట్టిని ఏరి తెచ్చి నెత్తిన పెట్టుకున్న ఆ తొలి మనిషెవరో గానీ, ఆ చూపుకు దండం పెట్టాలి.

అయితే మట్టిమిద్దెలు కూలిన మాటా నిజమే. ముసురు పట్టిన ప్రతి ఏడాదీ అలాంటి వార్త వింటూనే ఉంటాం. తప్పు చవుడుది అనుకుంటాం కానీ, చాలాచోట్ల అసలు సంగతి బరువు. పాతది తీయకుండా ఏటా కొత్త పొర వేస్తూ పోతే ఏమవుతుంది? 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న గది మీద అంగుళం మట్టి అంటేనే 400 కిలోల పైమాట. నాలుగంగుళాలు పేరుకుంటే దాదాపు 1,700 కిలోలు. తడిస్తే ఇంకా ఎక్కువ. గోడలో దాగిన దూలం కొనను అప్పటికే చెమ్మో చెదలో తినేసి ఉంటే, ఒక్క రాత్రి ముసురు చాలు. అందుకే ఈయన వేయడం కన్నా గీకడానికే ఎక్కువసేపు తీసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు కిందికి దిగి, దూలాల కొనలను కర్రతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

మధ్యాహ్నం పరచడం అయ్యాక బిందెడు నీళ్లు తెప్పించి మిద్దె పై మూలన ఒంపాడు. నీళ్లు ఒకచోట కాసేపు ఆగాయి. ఏమీ అనకుండా అక్కడ కూర్చుని అరచేత్తో వాలు సర్ది, మళ్లీ ఒంపాడు.

గోడ అవతలే కొడుకు కట్టుకున్న కొత్త స్లాబు ఇల్లు. మూడో వానాకాలానికే ఉరిసింది. సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. ఇక్కడ మూడో రోజుకే నీళ్లు కట్టడం మానేశారట. పైగా వాలు సరిగా లేదు. నీళ్లు పోయే గొట్టం ఒక్కటే. స్లాబు పోశాక ఇక మిద్దె ఎక్కే పని ఉండదని ఆ ఇంట్లో అందరూ నమ్మారు. నాకు బాధనిపించింది ఆ నమ్మకం చూసే. కాంక్రీటు మంచి సరుకే, దాని బాగోగులు చూసే మనిషే లేకుండా పోయాడు.

పొద్దు వాలుతుండగా ముసలాయన పిట్టగోడ దాటి స్లాబు మీదికి నడిచాడు. మనవణ్ని పిలిచి గొట్టం మూతి చూపించాడు. పిల్లవాడు చేయి పెట్టి గుప్పెడు వేపాకు, ఒక పాత పాలప్యాకెట్టు బయటికి లాగాడు. తాత బిందెలో మిగిలిన నీళ్లు అక్కడే పోశాడు. కింద వీధిలో నీళ్లు పడిన చప్పుడు వినిపించాకే ఇద్దరూ నిచ్చెన దిగారు.