ఐదు సెల్లులు

బోర్డుల మీద మా ఊరు వాల్మీకిపురం. మా నోట్లో మాత్రం ఇప్పటికీ వాయల్పాడే. 2021 వేసవిలో ఓ కొత్తింటికి వేప తలుపులు బిగిస్తున్న వడ్రంగి వచ్చి, వైరు లేని డ్రిల్లు నా రిపేరు బల్ల మీద పెట్టినాడు.

"అన్నా, మీట నొక్కితే సగం చుట్టు తిరిగి నిలబడిపోతాంది. కొత్త బ్యాటరీ కొనాలంటే నాలుగు రోజుల కూలి పోతాది."

బ్యాటరీ మూత విప్పితే లోపల ఐదు సెల్లులు. ఒక్కోటి 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. మీటరు పెట్టి చూసినా: నాలుగు 3.7 వోల్టుల దగ్గర నిలబడినాయి, ఐదోది 1.1. ఆ ఒక్కటే చచ్చింది. బరువు పడగానే అది కుంగిపోయేది, కాపలా సర్క్యూటు మొత్తం కరెంటు ఆపేసేది. ఒక్క సెల్లు పోయినందుకు మనం ఎన్ని బ్యాటరీలు చెత్తలో వేసినామో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

"ఆ ఒక్కటే మార్చన్నా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ముసలెద్దునూ కోడెనూ ఒకే కాడికి కట్టినట్టవుతుంది. చార్జింగులో పాతవి ముందే నిండుతాయి, వాడేటప్పుడు అవే ముందే ఖాళీ అవుతాయి. మదనపల్లె నుంచి ఒకే రకం కొత్తవి ఐదు తెప్పించి, అన్నీ 4.2 వోల్టులకు నింపి, నికెల్ పట్టీలతో స్పాట్ వెల్డింగ్ చేసినా. టక్, టక్. ఒక్కో చుక్కకు రెప్పపాటు వేడి, అంతే.

ఆ రెప్పపాటు విలువ నాకు తెలుసు. నేర్చుకునే రోజుల్లో సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ ఆనించినా. వేలు పెట్టలేనంత కాలింది. తీయటి వాసనొకటి గదంతా పట్టింది. పట్టకారుతో పట్టుకుని వాకిట్లో ఇసుక బకెట్లో వేసి దూరంగా నిలబడినా. చేతుల వణుకు చాలాసేపు తగ్గలేదు.

సాయంత్రం వడ్రంగి ఆ డ్రిల్లుతో వేప చెక్కలోకి మర దించినాడు. ఆగకుండా చివరిదాకా దిగింది. మిగిలిన నాలుగు పాత సెల్లుల్లో మంచిదొకటి చూసి టార్చిలైటులో వేసిచ్చినా. చచ్చిన సెల్లును, కొనలకు టేపు చుట్టి, పాత బ్యాటరీలు తీసుకునే అంగడికి పంపినా.

మీ ఇంట్లో ఆగిపోయిన బ్యాటరీ ఉంటే, పారేసే ముందు పని తెలిసిన మనిషితో సెల్లు సెల్లుకూ మీటరు పెట్టించండి. ఉబ్బినదాన్ని, తీయటి వాసన వేసేదాన్ని మాత్రం తెరవనీయకండి.