నురగల నగరంలో మూడు రోజులు

బెంగుళూరంటే ఒకప్పుడు మన సినిమావాళ్ళకి 'ఔట్‌డోర్'. లాల్‌బాగ్‌లో పల్లవి, నందీ హిల్స్ మీద చరణం. పాట అయిపోయేది! ఆ పాటలు చూసి పెరిగిన తరం ఆ ఊరికి పూలు చూడ్డానికి వెళ్ళింది. ఇప్పటి కుర్రకారు వెళ్ళేది ఇంకో దానికోసం. అద్దాల గోడ వెనక నిగనిగలాడే పెద్ద పెద్ద పీపాల్లో అక్కడికక్కడే తయారుచేసి, అక్కడికక్కడే గ్లాసులో పోసిచ్చే తాజా బీరు కోసం. మైక్రోబ్రూవరీ అంటారు ఆ చోటుని.

అప్పుడే ముక్కు చిట్లించకండి. మన సినిమాల్లో గ్లాసు పట్టుకునేవాళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. 1953లో అక్కినేని 'దేవదాసు' వేసిన దారిలో నడిచే భగ్నప్రేమికుడు ఒకడు. క్లబ్ డాన్సు చూస్తూ, హీరోని ఎలా లేపెయ్యాలా అని సోఫాలో కూర్చుని ఆలోచించే విలన్ రెండోవాడు. ఏడవటానికో, కుట్ర పన్నటానికో తప్ప తెరమీద మనవాళ్ళకి గ్లాసు పనికిరాదు. రుచి చూసి, నాలుగు కబుర్లు చెప్పుకుని, బిల్లు కట్టి, సొంత కాళ్ళమీద ఇంటికెళ్ళే మూడోరకం మనిషి చాలా అరుదు. ఆ మూడోరకం మనిషి బెంగుళూరులో దొరుకుతాడేమో చూద్దామని మేం నలుగురం బయల్దేరాం.

నలుగురిలో ముగ్గురం పుచ్చుకునేవాళ్ళం. నాలుగోవాడు చుక్క ముట్టడు. అసలు పేరెందుకుగాని, రావు అనుకుందాం. రావు ఇంటర్ చదువుతున్నప్పుడు వాళ్ళ నాన్న తాగుడువల్లే పోయాడు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. అందుకే అతన్ని పిలవటానికే మొహమాటపడ్డాం.

"మీరు తాగండ్రా, నేను ఊరు చూస్తాను. కాకపోతే ప్లాను నాకొదిలెయ్యండి" అన్నాడు.

నిజం చెప్పాలంటే, తాగని మనిషి వేసిన ప్లాను కాబట్టే అది ప్లానులా ఉంది!

ఒకే గీత మీద ఊరంతా

ఇలాంటి ప్రయాణానికి అందరూ చేసేదేమిటి? పది బార్ల పేర్లు ఒక కాయితంమీద రాసుకోవటం, ఆటోలో ఈ మూలనించి ఆ మూలకి పరుగెత్తటం. బెంగుళూరు ట్రాఫిక్కులో సగం సెలవు సిగ్నళ్ళ దగ్గరే హారతి కర్పూరమైపోతుంది. రావు మెట్రో మ్యాపు తీసి ఊదారంగు లైను మీద వేలు పెట్టాడు. 2011 అక్టోబరులో బయ్యప్పనహళ్ళి నించి ఎం.జి. రోడ్డు దాకా ఓ చిన్న ముక్కగా మొదలైన లైను అది. 2023 అక్టోబరునించి చల్లఘట్ట మొదలు వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది. సిటీ రైల్వేస్టేషను, కబ్బన్ పార్కు, ఎం.జి. రోడ్డు, ఇందిరానగర్, వైట్‌ఫీల్డ్... మాకు కావలసినవన్నీ పూసల్లా ఆ ఒక్క దారానికే గుచ్చి ఉన్నాయి.

తరవాత మూడు షరతులు పెట్టాడు. రోజుకి ఒక పేటే. ముందు భోజనం, తరవాతే గ్లాసు. నలుగురిలో ఎవ్వరూ బండి నడపకూడదు, అద్దెకి తీసుకున్నా సరే. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 డ్రై డేలు. ఎన్నికలొచ్చినా మూతే. తేదీలు చూసుకోకుండా టిక్కెట్లు కొంటే లాల్‌బాగ్ పూలే గతి!

ఎడ్లబండినించి అద్దాల మేడ దాకా

మొదటిరోజు కబ్బన్ పార్కు స్టేషన్లో దిగి చెట్లకింద కాసేపు తిరిగి, విఠల్ మాల్యా రోడ్డుకి నడిచాం. ఇప్పుడక్కడ ఖరీదైన దుకాణాలతో యు.బి. సిటీ మేడలున్నాయి. ఒకప్పుడు అదే చోట బీరు ఫ్యాక్టరీ ఉండేది. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు ఆయన దక్షిణాదిలోని చిన్న చిన్న బ్రూవరీలని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. ఆ రోజుల్లో తెల్ల సిపాయిల కోసం బీరు పీపాలు ఎడ్లబండ్ల మీద వెళ్ళేవిట. 1947లో విఠల్ మాల్యా ఆ కంపెనీకి తొలి భారతీయ డైరెక్టరయ్యారు. ఆ రోడ్డు పేరు ఆయనదే.

1980లలో పబ్బులొచ్చాయి. చల్లటి వాతావరణం, కంటోన్మెంటు అలవాట్లు, చేతినిండా జీతాలున్న కుర్రాళ్ళు. మూడూ కలిసి బెంగుళూరుకి 'పబ్ సిటీ' అని పేరొచ్చింది. రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్ 1989లో వెలిసింది. గోడలనిండా రాక్ గాయకుల బొమ్మలు, చెక్క బల్లలు, చెవులు దిబ్బళ్ళు పడే పాటలు.

సినిమా పిచ్చోళ్ళకి ఎం.జి. రోడ్డు స్టేషను దగ్గర గుండె కాస్త కలుక్కుమంటుంది. 1930లలో కట్టిన ప్లాజా థియేటరు ఉన్న చోటే ఆ స్టేషను లేచింది. బ్రిగేడ్ రోడ్డులో రెక్స్ థియేటరు 2018 డిసెంబరు 31న ఆఖరి ఆట ఆడేసి తెర దించేసింది. ఆట వదిలాక జనం బిలబిలమంటూ బయటికొచ్చే ఆ రోడ్లమీద, ఇప్పుడు సాయంత్రాలు జనం బీరు బల్లల చుట్టూ చేరుతున్నారు.

మధ్యాహ్నం రెసిడెన్సీ రోడ్డులో నాగార్జునకి వెళ్ళాం. హీరో కాదు, హోటలు! అరిటాకు, పప్పు, గోంగూర, నెయ్యి, కారప్పొడి. బెంగుళూరువాళ్ళకి 'ఆంధ్రా మీల్స్' అంటే ఏమిటో నేర్పిన హోటళ్ళలో ఇదొకటి. కడుపు నిండా అన్నం ఉంటే మందు రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. రావు రెండో షరతు వెనక రహస్యం అదీ!

సాయంత్రం మాగ్రత్ రోడ్డులో ఆర్బర్ బ్రూయింగ్ కంపెనీ. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో పుట్టి, 2012లో ఇక్కడికొచ్చింది. అక్కడ ఐ.పి.ఎ. తాగాం. ఇండియా పేల్ ఏల్ అన్నమాట. బ్రిటీషు కాలంలో ఇంగ్లాండునించి ఓడల్లో మన దేశానికొచ్చే బీరులో హాప్స్ అనే చేదుపూలు దట్టించేవాళ్ళు. పేరులో మన దేశం అందుకే. మొదటి గుక్కకి కాకరకాయ పులుసులా మొహం పెట్టాడు మావాడొకడు. మూడో గుక్కకి నారింజ తొక్క వాసనొస్తోందిరా అన్నాడు.

రావు మాత్రం నిమ్మకాయ సోడా తాగుతూ లెక్క వేశాడు. "ఇది ఏడు శాతం. అర లీటరు గ్లాసులో 35 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలు. మీరు వైన్ షాపులో కొనే విస్కీ 42.8 శాతం. అరవై మిల్లీల లార్జి పెగ్గులో పాతిక, ఇరవయ్యారు మిల్లీలు. అంటే మీ 'బీరేగా' అనే గ్లాసు పెగ్గుకంటే బరువే!"

మా ముగ్గురి నోళ్ళూ పడిపోయాయి. ఆ రాత్రి రెండో గ్లాసు ఎవరూ అడగలేదు.

నీళ్ళ ట్యాంకూ, బాస్మతి బీరూ

రెండోరోజు పొద్దున రావు కోరిక తీర్చాం. మైసూరు రోడ్డులో యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రామనగర వెళ్ళాం. 1975లో విడుదలైన 'షోలే' రామ్‌గఢ్ ఇదే! ఆ బండరాళ్ళ మధ్య నిలబడితే గబ్బర్ సింగ్ బూట్ల చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంటుంది. ధర్మేంద్ర తప్పతాగి నీళ్ళ ట్యాంకెక్కి గోల చేసే సీను గుర్తొచ్చి మేం ముగ్గురం నవ్వుకున్నాం. రావు కూడా నవ్వాడు. కాసేపాగి, "హాల్లో కూర్చుంటే నవ్వే వస్తుంది. మా వీధిలో మా నాన్న చేస్తే రాలేదు" అన్నాడు. కొండ దిగేదాకా ఎవరం ఏం మాట్లాడలేదు.

సాయంత్రం ఇందిరానగర్ నూరడుగుల రోడ్డులో టాయిట్. 2010లో తెరిచారు. బెంగుళూరు మైక్రోబ్రూవరీల కథలో ఇది మొదటి రీళ్ళలోదే. అక్కడి కుర్రాడు ఓపిగ్గా అడిగిందల్లా చెప్పాడు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. రాగిమాల్ట్ తాగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దాన్ని మరపట్టి 65 డిగ్రీల వేడినీళ్ళలో నానిస్తే తియ్యటి రసం దిగుతుంది. హాప్స్ వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినట్టు ఇది వారం పులుస్తుంది. అలా తయారైంది ఏల్. చల్లటి గదిలో వారాల తరబడి మాగితే లాగర్. సీసా బీరుని నిలవ ఉండటానికి వేడిచేస్తారు. ఇక్కడ ఆ పనుండదు. పచ్చిపాలలాంటిది, ఎంత తాజాగా తాగితే అంత రుచి.

అరచేతిలో ఇమిడే చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు ఒక పళ్ళెంలో పెట్టిస్తారు. కొత్తవాళ్ళకి అదే మంచిది. గోధుమ బీరులో అరటిపండు వాసన వేస్తుంది. అందులో అరటిపండు ముక్కైనా ఉండదు, అంతా ఈస్టు మాయ! బెల్జియం పద్ధతి బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ధనియాలంటే మన చారులో వేసేవే. బాస్మతి బ్లాండ్ అని బియ్యం వేసి చేసిన బీరొకటి. "అన్నమే కదా, భోజనం కిందే లెక్క" అన్నాడు మావాడు.

పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం. బామ్మగారు పిజ్జా ముక్క మనవడి నోట్లో పెడుతోంది. కొడుకూ కోడలూ చెరో గ్లాసు ముందుంచుకుని గంటనించీ కబుర్లు చెప్పుకుంటున్నారు. గ్లాసుల్లో నురగ చల్లారిపోతున్నా వాళ్ళకి తొందరలేదు. రావు వాళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

"మా నాన్న ఎప్పుడూ కూర్చుని తాగలేదురా" అన్నాడు చివరికి. "వైన్ షాపు పక్క సందులో నిలబడి, ఒక్క గుక్కలో పోసుకుని, ఎవరైనా చూస్తారేమోనని మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు. ఆయన ఏ రోజూ రుచి చూసి ఉండడు."

నాకేం చెప్పాలో తోచలేదు. "ఇలాంటి చోటికి తీసుకొస్తే బాగుపడేవాడంటావా?" అన్నాను.

రావు తల అడ్డంగా ఊపాడు. "బల్ల నున్నగా ఉంటే మందు మందు కాకుండా పోతుందా? ఇక్కడా చెడేవాళ్ళు చెడతారు, కాస్త ఖరీదుగా! కాకపోతే వాళ్ళని చూడు. లేచి వెళ్ళటం ఎప్పుడో వాళ్ళకి తెలుసు. ఆయనకి అదొక్కటే తెలీలేదు."

నేను వెతుక్కుంటూ వెళ్ళిన మూడోరకం మనిషి గుర్తు అదే అనిపించింది నాకు. ఎంత తాగుతాడన్నది కాదు, ఎప్పుడు లేస్తాడన్నది.

పుస్తకాల మధ్య ఆఖరి గ్లాసు

మూడోరోజు మధ్యాహ్నం ఊదారంగు రైల్లో వైట్‌ఫీల్డ్ వైపు వెళ్ళి, ఆటోలో విండ్‌మిల్స్ చేరాం. ఇదీ 2012 నాటిదే. ఒకవైపు బీరు పీపాలు, ఇంకోవైపు గోడలకి పుస్తకాలు, లోపల జాజ్ కచేరీలకి వేదిక. రావుకి ఇక్కడే ఇల్లు కట్టుకోవాలనిపించింది. మేం స్టౌట్ తెప్పించుకున్నాం. బాగా వేయించిన బార్లీతో చేసే నల్ల బీరు. వాసన అచ్చం ఫిల్టరు కాఫీ! చెరో చిన్న గ్లాసు, అంతే. రాత్రి రైలుందిగా.

మీరూ వెళ్ళేట్టయితే కొన్ని సంగతులు. కర్ణాటకలో ఇరవయ్యొక్కేళ్ళు నిండందే పొయ్యరు. వయసు కాగితం జేబులో ఉంచుకోండి. గ్లాసు ఖరీదు మల్టీప్లెక్సు టిక్కెట్టు కంటే ఎక్కువే. పైన టాక్సులుంటాయి. శని, ఆదివారాల సాయంత్రాలు బల్ల దొరకటం కష్టం, మామూలు రోజు మధ్యాహ్నం హాయి. ఆఖరి మెట్రో ఎన్నింటికో దిగగానే స్టేషన్లో అడిగి రాసుకోండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపటం నేరం. మొదటిసారి దొరికితేనే పదివేల దాకా జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. ఒక చిన్న గ్లాసు ఒంట్లోంచి దిగటానికి గంటా గంటన్నర పడుతుంది. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం... ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. అన్నట్టు, 2015లో నిబంధనలొచ్చాక మన హైదరాబాదులోనూ మైక్రోబ్రూవరీలు వెలిశాయి. రైలు ఖర్చు దండగ అనుకునేవాళ్ళు అక్కడే మొదలుపెట్టొచ్చు.

వెళ్ళేటప్పుడు మీలో తాగనివాణ్ణి ఒకణ్ణి తప్పకుండా తీసుకెళ్ళండి. డబ్బు సంచీ, గడియారం అతని చేతికివ్వండి. అతని నిమ్మసోడా బిల్లు మీరు కట్టండి. అతను "ఇక లేవండ్రా" అన్నప్పుడు, గ్లాసులో ఇంకా రెండు గుక్కలు మిగిలున్నా సరే, లేవండి!