నేపర్‌విల్‌లో ఆదివారం బడి

మొన్న వేసవి సెలవుల్లో మా తమ్ముడి యింటికి అమెరికా వెళ్లాను. వాడుండేది షికాగోకు పడమరగా 28 మైళ్ల దూరంలోని నేపర్‌విల్. వూరి నడుమ డ్యూపేజ్ నది. గోదావరి చూసిన కళ్లకు అది పంటకాలువలా కనిపిస్తుంది గాని, గట్టు వెంట యిటుకలు పరిచిన బాట మాత్రం చూసి తీరవలసిందే. ఆ బాట మీద నడుస్తూంటే తెలుగుమాట చెవిని పడుతూనే వుంటుంది. పొరుగున అరోరాలో 1986 నుంచి వేంకటేశ్వరుడు కొలువై వున్నాడు మరి!

బాట సంగతీ, గుడి సంగతీ ఎవరైనా రాస్తారు. నేను చెప్పబోయేది ఒక యింటి నేలమాళిగ సంగతి. ఆదివారం పది గంటలకు తొమ్మిది కుటుంబాల పిల్లలు తెలుగు నేర్చుకునేది అక్కడే. జీతం పుచ్చుకునే పంతులు లేడు. ఒక వారం ఒక తల్లి, మరో వారం ఒక తండ్రి పాఠం చెబుతారు, యింకొకరు సాయం, వేరొకరు ఫలహారం. షికాగోకు యీ పద్ధతి కొత్త కాదట. 1916లోనే అక్కడి విశ్వవిద్యాలయంలోని ఆచార్యుల భార్యలు 12 మంది కలిసి, వంతులవారీగా తామే చూసుకుంటూ పసిపిల్లల బడి నడిపారు.

ఆ వారం వంతు మా మరదలిది. ఆమె బోర్డు మీద ‘ఋ’ రాసిందో లేదో, ఏడేళ్ల మావాడు బల్ల కిందికి దూరి పిల్లికూతలు మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి మరో యిద్దరు. తల్లి కసిరినకొద్దీ వాడు రెచ్చిపోయాడు. వెనక కూర్చున్న నాలో యిరవై ఏళ్ల లెక్చరరు మేలుకున్నాడు. లేచి గట్టిగా గదమాయించాను. గది గప్‌చిప్. ఒక చిన్నపాప మాత్రం బావురుమంది. అల్లరి చేసినవాళ్లలో ఆ పాప లేనే లేదు!

పాప తల్లి నన్నేమీ అనలేదు. ఫలహారపు గిన్నెలు సర్దుకుని, పిల్లను చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

“అన్నయ్యా, కిందటేడు యిలాంటి పట్టింపుతోనే రెండు కుటుంబాలు మానేశాయి,” అన్నాడు తమ్ముడు కారులో. “ఒకరి పిల్లల్ని మరొకరు కోప్పడవచ్చునా అన్నదే తగవు.”

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మన బళ్లో పంతులు వేరు, అమ్మ వేరు. యిక్కడ అమ్మే పంతులమ్మ. తన తల్లి పదిమందికి తల్లి కావడం ఏడేళ్లవాడికి ఎందుకు నచ్చుతుంది? వాడి అల్లరిలో సగం ఆ అక్కసే కాబోలు.

శనివారం సాయంత్రం అందరూ మా తమ్ముడింట్లో చేరారు. ముందుగా ఆ తల్లికి క్షమాపణ చెప్పుకున్నాను. తరవాత పకోడీల నడుమ వాదాలు సాగి, చివరికి ఒప్పందం కుదిరింది: పాఠం చెప్పేవారు తమ బిడ్డ జోలికి పోరాదు, ఆ పూట వాడి మంచీచెడ్డా సాయానికి వచ్చినవారిదే. మందలింపు పక్కన కూర్చుని మెల్లగా చెయ్యాలి. జరిగింది ఆ రోజే ఆ పిల్లవాడి తల్లిదండ్రులకు చెప్పాలి. మూడో మనిషికి చెప్పరాదు.

“పావుగంటకోసారి లేపి ఆడిద్దాం బావగారూ, అంతసేపు మనమే కూర్చోలేం,” అంది మా మరదలు.

మర్నాడు ఒక తండ్రి వంతు. యీసారి బల్ల కిందికి దూరినవాడు ఆయన కొడుకు! సాయానికి వచ్చింది ఆ పాప తల్లే. ఆమె చీర కుచ్చెళ్లు సర్దుకుని తనూ బల్ల కిందికి వెళ్లి కూర్చుంది. ఏం మాట్లాడిందో వినపడలేదు. తండ్రి యిటు చూడబోయి, ఒప్పందం గుర్తొచ్చి కాబోలు, బోర్డు వైపు తిరిగాడు. కాసేపటికి యిద్దరూ బయటికి వచ్చి గడ్డం వున్న ఋషి బొమ్మ గీయడం మొదలుపెట్టారు.

ఆ పూట ఫలహారం వంతు నాది. జంతికలు పంచుతూంటే పాప రెండోసారి కూడా చెయ్యి చాచింది, నా మొహంవైపు చూడకుండానే.