కుట్టిన శుభాకాంక్షలు

శుభాకాంక్షలు చెప్పాలంటే మనకి మాటలు రావాలని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ మాటలు ఎప్పుడూ ఎవరో ఒకరు తయారుచేసి పెట్టి ఉంచుతూనే ఉన్నారు. మన తంతి తపాలా వారి సంగతే చూడండి. దీపావళికి ఒక అంకె, కొత్త సంవత్సరానికి ఒక అంకె, పెళ్ళికి మరో అంకె! ఫారం మీద ఆ అంకె వేసి ఇస్తే చాలు, అవతలి ఊళ్ళో అది నిండు వాక్యమై దిగేది. 2013 జూలైలో టెలిగ్రాములే ఆగిపోయాయి, ఆ అంకెలూ పోయాయి. అంతకు ఎంతో ముందు, 1843లో, లండనులో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి క్రిస్మసుకి అందరికీ ఉత్తరాలు రాయడానికి తీరిక లేక, హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి కార్డులు అచ్చు కొట్టించాడు. కార్డు వెల ఒక షిల్లింగు. అంటే గ్రీటింగు కార్డు పుట్టిందే ఉత్తరం ఎగ్గొట్టడానికన్నమాట!

ఇప్పుడు ఆ షిల్లింగు కూడా అక్కర్లేదు. పండగనాడు తెల్లవారకుండానే ఫోను నిండా గులాబీలు, పూర్ణకుంభాలు, మావిడాకులు. ఒకరు పంపింది చూడకుండానే ఇంకొకరికి తోసేస్తాం. మావారు పొద్దున్నే పంపిన సంక్రాంతి హరిదాసు నలుగురి చేతులు మారి సాయంత్రానికి మళ్ళీ మావారి దగ్గరికే వచ్చాడు. ఆయన మురిసిపోయి, "ఎంత బాగుందో చూడు!" అని నాకు చూపించారు కూడా.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గానీ, మా వదినతో వచ్చింది చిక్కు.

మా వదిన అంటే మావారి పెద్దక్కగారు. తెనాలిలో ఉంటారు. ఎంబ్రాయిడరీలో లోయరూ, హయ్యరూ పాసై, ఆడపిల్లల హైస్కూల్లో క్రాఫ్టు టీచరుగా చేసి రిటైరైన మనిషి. 2001లో నేను కాపరానికి వచ్చేటప్పటికి నాకు బి.ఏ. డిగ్రీ వచ్చు, కవిత్వం వచ్చు, బొత్తాం కుట్టుకోవడం రాదు. ఆ వేసవి సెలవుల్లో ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ నేర్పారు. "కర్ణాటకలో కసూతి అని ఉంది, అందులో దీన్ని మెంతె కుట్టు అంటారు. మెంతిగింజలు పేర్చినట్టుంటుంది చూడు," అనేవారు. "పై గీతలన్నీ ఒకే పక్కకి వాలాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ వాలిందంటే చేలో ఎద్దులు పడి తొక్కినట్టుంటుందే మరదలా!" అని, గుడ్డ తిరగేసి వెనకవైపు చూసి మార్కులు వేసేవారు. ముందువైపు ఎవరైనా బాగానే కుడతారు, కుట్టినవాళ్ళ సంగతి వెనకవైపే తెలుస్తుందని ఆవిడ సిద్ధాంతం. నవలలు రాయడం మొదలుపెట్టాక ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది.

అలాంటి వదినకి కళ్ళు పోయాయి. నీటికాసులు. ఆ జబ్బు ఎంత నిశ్శబ్దమైనదంటే, నొప్పీ గిప్పీ లేకుండా చూపు అంచుల్నించి లోపలికి మూసుకుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోడానికే ఆ చుక్కల మందంతా. మొదట్లో గుమ్మాలు తగిలేవి, తరవాత సూదిలోకి దారం ఎక్కడం మానేసింది, ఆ తరవాత అక్షరాలు. ఓ రోజు దారాలపెట్టె తెప్పించుకుని, అందులో ఉన్నదంతా పక్కింటి పిల్లలకి పంచిపెట్టేశారట. ఆ కబురు మా మేనల్లుడు చెబితే మావారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

నేను వారానికోసారి ఫోను చేస్తాను. ఓసారి మాటల్లో, "ఫోనులో మెసేజి పెట్టాను, చదివించుకున్నారా వదినా?" అన్నాను. ఆవిడ నవ్వి, "ఇప్పుడు నాకు వచ్చేవన్నీ ఎంగిలి మాటలేనే. ముందు ఎవరో ఒకరు నోట్లో వేసుకుని, ఆ తరవాత నాకు పెడతారు," అన్నారు.

ఆవిడ నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరూ ఎంగిలి చెయ్యని మాట ఒక్కటి ఆవిడకి పంపడం ఎలాగా అన్నది పట్టుకుంది. వేలితో చదివేదైతే కావాలి. అప్పుడు గుర్తొచ్చింది మెంతె కుట్టు. గుడ్డ మీద కాదు, కాగితం మీద.

కాగితం మీద కుట్టేమిటని వింతపడకండి. విక్టోరియా రాణిగారి రోజుల్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వరసగా బొక్కలు పొడిచిన అట్టలు అమ్మేవారు. ఆడవాళ్ళు వాటిమీద పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులూ, గోడకి తగిలించే సూక్తులూ కుట్టేవారు. జర్మనీలో కిండర్‌గార్టెన్ బడి పెట్టిన ఫ్రోబెల్ చిన్నపిల్లలకి నిర్ణయించిన చేతిపనుల్లోనూ కాగితానికి చుక్కలు పొడవడం, వాటిలోంచి దారం తియ్యడం ఉన్నాయి. కాబట్టి ఇది ముసలమ్మలకీ పసిపిల్లలకీ కూడా వచ్చే విద్యే.

మీలో ఎవరికైనా సరదా ఉంటే పద్ధతి చెబుతాను. కాగితం పల్చనైతే చిరుగుతుంది, మరీ దళసరైతే సూది మొరాయిస్తుంది. మంచి శుభలేఖ అట్టంత మందం చాలు. కార్డు మడత ముందే పెట్టేసుకోవాలి. బొమ్మ గళ్ళకాగితం మీద వేసుకుని, దాన్ని కార్డు మీద క్లిప్పులతో బిగించి, కింద నాలుగు మడతల తువ్వాలు పరిచి, కావలసిన ప్రతి గడి మూలనీ సూదితో పొడవాలి. పొడవడమే సగం పని. మ్యాటీ గుడ్డలో అంగుళానికి 14 గళ్ళ రకం దొరుకుతుంది గానీ, కాగితానికి అంత దగ్గర పనికిరాదు. బొక్కకీ బొక్కకీ మధ్య మిగిలిన కాస్త కాగితం తెగి, రెండూ కలిసిపోతాయి. నేను అంగుళానికి 8 పెట్టుకున్నాను. దారంలో ఆరు పోగులుంటాయి. వేలికి బాగా తగలాలని నాలుగు పోగులు తీసుకున్నాను. కుట్టేటప్పుడు మొన లేని సూది వాడాలి, దారం నిటారుగా పైకి లాగాలి. ముడి వెయ్యకూడదు, కొస వెనక కుట్టుల కిందే దూర్చెయ్యాలి. గుడ్డలో సూది పక్కన దిగితే దారం తీసేసి గోటితో రుద్దితే కన్నం మూసుకుంటుంది. కాగితంలో పడ్డ కన్నం పడినట్టే ఉంటుంది.

ఇంక ఏం కుట్టాలి? "విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు" అని గళ్ళకాగితం మీద మొదలుపెట్టాను. మన తెలుగు అక్షరాలేమో గుండ్రాలు. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని అలా గుండ్రంగా తిప్పారని పెద్దలు చెబుతారు. ఆ గుండ్రాన్ని చదరపు గళ్ళలో ఇమడ్చడం అంటే జిలేబీని అగ్గిపెట్టెలో పెట్టడం. 'కాంక్ష' దగ్గరికి వచ్చేసరికి నా చేత కాలేదు. అదీగాక అక్షరం వేలికి తెలియాలంటే పెద్దది కావాలి. అంగుళం ఎత్తున ఒక నమూనా కుట్టి, మావారిని కళ్ళు మూసుకుని చదవమన్నాను. ఆయన వేలితో తడిమి తడిమి, "పదినా?" అన్నారు. అక్షరానికి 12 గళ్ళు, అంటే అంగుళంన్నర చేశాను. ఈసారి సరిగ్గా చదివారు. ఆరంగుళాల కార్డు మీద అంతంత అక్షరాలు పడేవి మూడే. అయిదు వందల పేజీల నవల రాసిన చేతికి చివరికి దక్కినవి ఆ మూడు అక్షరాలు.

'వదినా' అని కుట్టాను. అంతే.

కింద మూలన అయిదు చుక్కల ముగ్గుకి బొక్కలు పొడిచి ఉంచాను గానీ, దారం ఎక్కించేలోగా తెనాలి బండి వేళయింది. వెనక వేరే కాగితం అంటించి మూసెయ్యడం మామూలు. నేను కావాలనే అంటించలేదు.

2025 మార్చి 30, ఉగాది. పచ్చడి తిన్నాక కార్డు ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఏం చేశారనుకున్నారు? ముందు తిరగేశారు! వెనకవైపంతా వేలితో తడిమి, "ముడి లేదు. ఫరవాలేదు," అన్నారు. ఆ తరవాత ముందువైపు చూపుడువేలు పెట్టారు. మొదటి అక్షరం మీద చాలాసేపు తిరిగింది. 'ది' గుడి దాకా ఎక్కి దిగింది. చివరి దీర్ఘం దగ్గర ఆగింది.

"నన్నే పిలుస్తున్నావటే," అన్నారు.

నేను "అవును వదినా" అనబోతే గొంతు పెగల్లేదు. ఆవిడ మాత్రం అక్కడ ఆగలేదు. వేలు మూలకి పోయింది. కాగితానికి పైనుంచి సూది పొడిస్తే కిందివైపు చిన్న పొక్కులా లేస్తుంది. ఆ పొక్కులు తగిలాయి.

"ఇదేమిటే, చుక్కలున్నాయి, ముగ్గేదీ?"

చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "సూది ఉందా?" అన్నారు.

మనవరాలు దారం ఎక్కించి ఇచ్చింది. వదిన ఎడమచేతి వేలు కాగితం కింద పొక్కు మీద ఆన్చి, కుడిచేత్తో సూదిని ఆ వేలి గుర్తుకి తీసుకొచ్చి దించారు. వేలికి గుచ్చుకుంది. "హబ్బ" అని మళ్ళీ దించారు. మొదటి మెంతిగింజ పడడానికి పావుగంట పట్టింది. పదో దానికి అంత పట్టలేదు. పై గీతలన్నీ ఒకే పక్కకి వాలాయి. మావారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ పేపరు తలకిందులుగా ఉందని నేను చెప్పలేదు.

తరవాత నాకు లూయీ బ్రెయిలీ గుర్తొచ్చాడు. ఫ్రాన్సులో గుర్రపు జీనులు కుట్టేవాడి కొడుకు. మూడేళ్ళప్పుడు తండ్రి పనిముట్టు తగిలి ఒక కన్ను, ఆ తరవాత రెండోదీ పోయాయి. ఆ కుర్రవాడే పదిహేనేళ్ళకి కాగితం మీద పొడిచిన ఆరు చుక్కలతో లిపి కనిపెట్టాడు. 1829లో పుస్తకంగా వచ్చింది. కన్ను పొడిచిన మొనతోనే చదువు పొడుచుకున్నాడన్నమాట.

అప్పట్నించీ నెలకి నాలుగు కార్డులు చుక్కలు పొడిచి తెనాలి పంపుతున్నాను. దారాల రంగులు వరసగా కాగితం చుట్టి, ఒక్కోదానికి ఒక్కో లెక్కన ముళ్ళు వేసి పెట్టుకున్నారావిడ. ఒక ముడి ఎరుపు, రెండు పసుపు. పెట్టె మళ్ళీ నిండుతోంది.

మొన్న దీపావళికి నా పేర ఒక కవరొచ్చింది. చుక్కలు మనవరాలి చేత పొడిపించారట, నాకు తెలియనివ్వకుండా. మావారు కవరు చింపి, "ఏం రాసిందో మా అక్కయ్య, చదవనా?" అన్నారు.

చటుక్కున లాక్కున్నాను.

"ఎంగిలి చెయ్యకండి. ముందు నన్ను చదువుకోనివ్వండి," అని, కార్డు తిరగేసి, వెనకవైపు నుంచి మొదలుపెట్టాను.