సింగరాయకొండ తీరమున ఇంటిబండి

చెన్నపట్టణమునుండి బెజవాడకు పోవు రైలుదారిలో, కావలికిని ఒంగోలునకును నడుమ సింగరాయకొండ యను ఊరు కలదు. సింగరాయడనగా నరసింహుడే. ఆ స్వామి కోవెలవలననే ఊరికి ఆ పేరు కలిగినది. ఊరికి తూర్పున పాకల యను పల్లె. పల్లెను దాటిన సముద్రము. పడమట కందుకూరు బాట, మెట్టచేలు. ఈ సీమ యెండలకే పేరుపొందినది గాని, ఆశ్వయుజము మొదలు మార్గశిరము వరకు ఈశాన్యపుగాలి తెచ్చు వానలు ఇచట మెండు. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్లకు దగ్గరగా తీరము దాటిన మిచౌంగ్ తుపాను ఆ ఋతువులోనిదే.

దసరా సెలవులలో మేమిచట ఇంటిబండిలో నాలుగు రాత్రులుంటిమి. ఇంటిబండి యనగా కారవాన్. పడకలు, పొయ్యి, చిన్న స్నానపుగది కల పెద్ద వ్యాను. కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి బండ్ల యాత్రలకై ప్రత్యేక విధానమునే ప్రకటించినది. మన వైపున ఇవి యింకను అరుదు. మా అత్తగారు వృద్ధురాలు, మేడమెట్లు ఎక్కజాలరు. ఇక దూరప్రయాణమున మరుగుదొడ్డికై వెదకులాడుట స్త్రీలకెంత సంకటమో సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. ఈ రెండును తలచి మావారు బండిని అద్దెకు కుదిర్చిరి. అయితే అత్తగారికి ఉబ్బసము కూడ కలదు.

తలుపు తీయగానే ముక్కవాసన కొట్టినది. పరుపెత్తి చూడగా, అడుగుబల్లమీద నల్లని చుక్కలు, పరుపు క్రిందివైపున బూడిదరంగు మచ్చలు. ఇది సాలెపురుగు కట్టిన బూజు కాదు. తడిగరిటె పెట్టిన ఊరగాయజాడీలో లేచెడు బూజునకు జ్ఞాతి. దాని విత్తులు కంటికి కానరానివై గాలిలో ఎల్లెడల నుండును. వానిని లేకుండ జేయుట ఎవరి తరము కాదు. వానికి తడి దొరకకుండ జేయుట మాత్రము గృహిణి చేతిలోని పని. తడిసిన వస్తువు ఒకటి రెండు దినములలో ఆరెనేని సామాన్యముగ బూజు పుట్టదు. పుట్టిన పిమ్మట దాని రేణువులను పీల్చిన ఉబ్బసరోగికి ఆయాసము హెచ్చును. ఆ పరుపుమీద ఆమెను పరుండబెట్టుటకు మాకు మనసొప్పలేదు.

దూదిలోనికి దిగిన బూజు పైపై తుడుపులకు పోదు. కనుక ఆ పరుపును ప్లాస్టిక్ పట్టాలో చుట్టి బండి వెనుక కట్టించి, మా యింటి బొంతలనే పరచుకొంటిమి. బల్లను ముక్కునకు గుడ్డ కట్టుకొని సబ్బునీటితో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, తలుపులన్నియు తెరచి మిట్టమధ్యాహ్నము వరకు ఆరనిచ్చితిమి. ఎవరో బ్లీచింగుపొడియు వినెగరును కలిపి పూయుడని సలహా చెప్పిరి. ఆ రెండును కలిసినచో క్లోరిను విషవాయువు పుట్టును. ఇరుకైన బండిలో అది ప్రాణాపాయము.

అంత చేసినను మరునాటి తెల్లవారుజామున కిటికీ అద్దములపై నీరు ధారలు కట్టినది. రాత్రి చినుకైనను పడలేదే! చల్లని మజ్జిగలోటా వెలుపల చెమర్చు తీరున, రాత్రి ఆకాశము క్రింద చల్లబడిన రేకునకు లోపలి ఆవిరి తగిలి నీరగుచున్నదని మావారు చెప్పిరి. ఆ ఆవిరి ఎక్కడిది? నిద్రించు మనిషి ఊపిరితోను చెమటతోను రాత్రికి పావులీటరు వరకు నీటిని విడుచును, మేము నలుగురము. అంతకంటె వింత యేమనగా, వంటగ్యాసు ఒక కిలో మండినచో ఒకటిన్నర కిలోలకు పైగా నీరు ఆవిరియై వెలువడును. అన్నము వార్చిన ఆవిరి దీనికి అదనము. ఇది విన్నది మొదలు పొయ్యిని బండి ప్రక్క పందిరిపట్టా క్రిందికి దింపితిమి. తలుపులు మూసిన బండిలో పొయ్యి వెలిగించుట ఎటులను తగదు, విషవాయువు చేరును.

పాకల ఒడ్డున సముద్రస్నానము చేసి వచ్చి చీరలు ఆరవేసితిమి. సాయంత్రమునకు పెళపెళలాడిన చీరలు రాత్రికి మరల చెమ్మగిల్లినవి. వలలు బాగుచేయుచున్న యొక ముసలమ్మ చూచి నవ్వి, “ఉప్పునీళ్ల గుడ్డ ఎంత ఎండినా రేత్రికి చెమర్చుద్దమ్మా. మంచినీళ్లలో జాడించి ఆరెయ్యి,” అనెను. సముద్రపు ఉప్పులో గాలిలోని తేమను లాగుకొను లవణములుండుటయే దీనికి హేతువు. మూలనున్న తువ్వాళ్లు, పిల్లల చెప్పులు, కాలిగుడ్డ, అన్నియు అట్లే నీటిని మోయుచుండెను. అవన్నియు మంచినీట జాడించి, ఆరువరకు బండిలోనికి రానీయలేదు.

లోపలి తేమ నూటికి అరువదికి మించరాదని విదేశీయుల పుస్తకములు చెప్పును. మేము తెచ్చిన చిన్న కొలతపరికరము వేకువను తొంబదికి దగ్గరగా చూపెను. వెలుపలిగాలియే అట్లుండగా లోపల అరువది ఎక్కడ తెత్తుము? విద్యుత్తు దొరకు చోట ఏసీని ‘డ్రై’లో నడిపిన మేలే. దొరకని చోట మన మిరపరైతుల పద్ధతియే పద్ధతి. కల్లములో కాయలను రాత్రి మంచు పడకుండ కప్పుదురు, పొద్దెక్కినంతనే పరతురు. నూటికి పదకొండు పాళ్లకు మించి తేమ నిలిచిన కాయకు బూజు భయము. మేమును రాత్రి ఎదురెదురు కిటికీలు నాలుగు వ్రేళ్ల సందున తెరచి చిన్న ఫ్యాను పెట్టితిమి. పది గంటల యెండకు బొంతలు వెలుపల, తలుపులు బార్లా. అలమరలను గోడకు అంటకుండ సర్దితిమి. మూడవ వేకువను అద్దములపై పలుచని మసక మాత్రమే నిలిచినది. అత్తగారు ఆ రాత్రి మందుగొట్టము నడుగలేదు.

గిన్నెతో సున్నపురాళ్లు పెట్టిన తేమ పీల్చునని కొందరందురు. పీల్చును, కాని నీరు తగిలిన కాగి చేతులు కాల్చును. పిల్లలున్న బండిలో మాకది నచ్చదు. బొగ్గు ముక్కలు వాసనకు పనికివచ్చునేమో గాని తడికి చాలవు.

బండిని అద్దెకు తీసికొను సోదరీమణులు రంగును, దీపములను చూచుటకు ముందు పరుపెత్తి అడుగుబల్లను చూడవలెను. పైకప్పు మూలలందు నీటిచార, స్నానపుగది అంచుల నలుపు, అలమరలోని వాసన, ఇవి తరువాత. పరుపు క్రింద గాలి పారుటకు సందుల పలకలుండుట మేలు. నిండు బల్ల అయినచో కొబ్బరిపీచు చాప పరచవలెను. బండిని తిరిగి యిచ్చునాడు మేము నీటితొట్టిని వంపి, అలమర తలుపులు తెరచి, మాకిచ్చిన పరుపును పట్టా విప్పి మచ్చలున్న వైపు పైకి వచ్చునట్లు గోడకానించి, యజమానునకు చూపి వచ్చితిమి.